తాళం సార్ తెరవనివ్వని పెట్టె

తాళం సార్ ఈ ప్రపంచంలో దేన్నీ వెంటనే తెరవరు. పెట్టె కానివ్వండి, తలుపు కానివ్వండి, కవరు కానివ్వండి, చివరికి సొంత నోరే కానివ్వండి, తెరిచే ముందు ఒక మాట అంటారు: "అప్పుడే వద్దు." ఆ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కపెట్టే ఓపిక కూడా నాకు మిగల్లేదు.

ఆయనకి అమ్మా నాన్నా పెట్టిన పేరు ఒకటి ఉంది. జీతం కాగితం మీద తప్ప దాన్ని ఎక్కడా ఎవరూ వాడలేదు. రిటైరయ్యాక ఆ కాగితం కూడా రావడం మానేసింది కాబట్టి ఆయన పూర్తిగా తాళం సార్‌గా స్థిరపడిపోయారు. మా పరిశోధనశాల వాళ్ళు ఆయనకి గౌరవ సలహాదారు అని పదవి ఇచ్చి, గౌరవం ఉంచుకుని జీతం తీసేశారు. ఆయన మాత్రం రోజూ అందరికంటే ముందు వచ్చి, కారిడార్ చివర తన గది బయట నిలబడి, తాళంచెవి చేతిలో పట్టుకుని ఆలోచిస్తూ ఉండేవారు.

"ఏంటి సార్, లోపలికి వెళ్ళరా?" అంటే, "నిన్న వెళ్ళేటప్పుడు కిటికీ మూశానో లేదో గుర్తు తెచ్చుకుంటున్నానమ్మా. తెరిచి చూశాక 'మూశానని నాకు ముందే తెలుసు' అనుకుంటే అది ఆత్మవంచన కదా?" అనేవారు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో భోజనానికి పిలిచారని వాళ్ళింటికి వెళ్ళి బెల్లు కొట్టాను.

"ఎవరు?" అని లోపల్నుంచి సార్ గొంతు.

"నేను సార్."

"నేను అని అందరూ అంటారు. ఇంకో ఆధారం చెప్పండి."

"మీరే రమ్మన్నారు సార్, భోజనానికి."

"ఆ సంగతి పక్కింటాయనకి కూడా తెలుసు."

ఆధారాలన్నీ అయిపోయి నేను మెట్ల మీద కూలబడ్డాక వాళ్ళావిడ వచ్చి తలుపు తీశారు. ఆవిడ పళ్ళ డాక్టరు. ఊళ్ళో సగం మంది నోళ్ళు ఆవిడకి కంఠతా వచ్చు. "రండమ్మా రండి," అంటూ ఆవిడ నా చేతిలో సంచీ అందుకున్నారు. "నా బతుకు చూశారా? పగలంతా క్లినిక్కులో 'తెరవండి, ఇంకొంచెం తెరవండి' అంటూ గొంతు పోగొట్టుకుంటాను. ఇంటికొస్తే ఈయన 'అప్పుడే వద్దు' అంటారు. నేను తెరిపించలేకపోయిన నోరంటూ ఒకటుందీ అంటే అది ఈయన నోరే."

అది నిజమే. ఒకసారి సార్‌కి దవడ వాచి ఇంత లావున పొంగితే, డాక్టరమ్మ కుర్చీలో కూర్చోబెట్టి నోరు తెరవమన్నారు. సార్ పెదాలు బిగించి, పక్కనే కాగితం అడిగి తీసుకుని దాని మీద రాశారట: "నొప్పి పంటిదే అనడానికి రుజువు ఏమిటి? చెవి నుంచి కూడా రావచ్చు. ముందు చెవి చూడు."

ఇక మా పని సంగతి చెప్పాలి. ఎలక్ట్రాన్‌నీ, దానికి అన్నిట్లో సరిజోడై ఒక్క విద్యుదావేశంలో మాత్రం ఎదురు తిరిగే పాజిట్రాన్‌నీ ఎదురెదురుగా పరుగెత్తించి ఢీకొట్టిస్తాం. రెండూ మాయమై, ఆ శక్తిలోంచి వేరే కణాలు పుడతాయి. మామూలుగా పుట్టేవి అందరూ ఎరిగినవే. మేం వెతికేది ఇంతవరకూ ఎవరి కంటా పడనిదాన్ని. చీకటి ఫోటాన్ అంటారు. అది పుడితే ఏ పరికరానికీ చిక్కకుండా జారుకుంటుంది. దాంతోపాటు పుట్టిన మామూలు కాంతికణం ఒక్కటే ఓ పక్క, కణాల్ని పట్టడానికి పేర్చిన స్ఫటికాల్లో మెరుస్తుంది, రెండో పక్క అంతా ఖాళీ. గదిలోంచి ఇద్దరు బయటికి రావాలి, ఒకరే వచ్చారు, లోపలికి వెళ్ళి చూస్తే ఎవరూ లేరు. ఆ రెండో మనిషి ఏమయ్యాడన్నదే మా పరిశోధన. మా అమ్మ చుట్టాలతో ఇంకా తేలిగ్గా చెప్పేది: "మా అమ్మాయి కనబడనిదాన్ని వెతుకుతోంది. ఇంకా కనబళ్ళేదు."

ఈ పనిలో ఒక కట్టుబాటు ఉంది. ఢీకొట్టించి పోగుచేసిన సమాచారంలో ఆ కొత్త కణం దొరికే అవకాశమున్న భాగాన్ని ముందే మూసిపెట్టేస్తాం. దాన్నే పెట్టె అంటాం. నిజానికి అది కంప్యూటర్లో ఒక మూల, అంతే. పద్ధతులన్నీ సరిచూసుకున్నాక, ఇక మార్చేదేమీ లేదని తేల్చుకున్నాకే దాన్ని తెరవాలి. ముందే తొంగిచూస్తే మనసు కోరుకున్నదే కళ్ళకి కనబడుతుంది. కాబట్టి పెట్టె తెరవాలంటే ఒక పెద్దమనిషి సరేననాలి. మా వాళ్ళు వెతికి వెతికి ఆ పెద్దమనిషిగా ఎవరిని పెట్టారో మీరే ఊహించుకోండి.

సార్ తెరవనివ్వకపోయినా మీకు మాత్రం నేను ఇక్కడే తెరిచి చూపిస్తాను. ఆ పెట్టెలో ఏమీ లేదు. చాలా కాలం తర్వాత తెరిచాం, చీకటి ఫోటాన్ జాడ లేదు, ఉన్నా ఫలానా చోట మాత్రం లేదని వ్యాసం రాశాం, చదివినవాళ్ళు చదివారు. నేను చెప్పబోయేది తెరవడానికి ముందు జరిగిన సంగతి.

అప్పటికి యంత్రం ఆపేశారు. ఒకప్పుడు వందమంది తిరిగిన భవనంలో సగం గదులకి బల్బులు కూడా లేవు. టీ యంత్రం ఏ మీట నొక్కినా వేడినీళ్ళే పోసేది. మా జట్టులో మిగిలింది ముగ్గురం: నేను, ప్రతి వాక్యం ముందూ వెనకా నిట్టూర్చే ఒక సహోద్యోగి (నిట్టూర్పు అనే పిలిచేవాళ్ళం, పిలిస్తే నిట్టూర్చి పలికేవాడు), పరికరాల తీగలన్నీ చూసుకునే ఎలక్ట్రానిక్స్ అన్నయ్య. పెట్టె తెరిచి ఫలితం పంపిన రోజుతో ప్రాజెక్టు సమాప్తం, ఉద్యోగాలూ సమాప్తం. ఆ సంగతి డైరెక్టరు గారు ప్రతి మంగళవారం మీటింగులో గుర్తుచేసేవారు. ఆయనది చెడ్డ మనసు కాదు, అలిసిపోయిన మనసు. కోటు ఒక చెయ్యి తొడుక్కుని, రెండో చెయ్యి వేలాడుతుండగానే మీటింగుకి వచ్చేవారు.

"ఇవాళైనా తెరుద్దామా సార్?" అని డైరెక్టరు గారు.

"అప్పుడే వద్దు," అని తాళం సార్.

నిట్టూర్పు నిట్టూర్చేవాడు. మీటింగు ముగిసేది.

మొదట ఆయన పట్టుకున్నది స్ఫటికాల మధ్య సందులు. "రెండోది కూడా మామూలు కాంతికణమే అయి, ఏదో సందులోంచి బయటపడిపోతే? మీరు చీకటి ఫోటాన్ దొరికిందని పండగ చేసుకుంటారు. దొరికేది సందు." మాకు ఒళ్ళు మండింది. కానీ నెలల తరబడి లెక్కలు వేస్తే నిజంగానే ఒక సందు బయటపడింది. అది చూసుకోకుండా తెరిచి ఉంటే మేం ప్రపంచం ముందు నవ్వులపాలయ్యేవాళ్ళం. అందుకే ఆయన్ని తిట్టుకోవడానికి కూడా పూర్తి స్వేచ్ఛ లేకుండా పోయింది.

ఆ సందుల పని నడుస్తుండగానే ఎలక్ట్రానిక్స్ అన్నయ్యకి ఆసుపత్రిలో ఉద్యోగం దొరికింది. అక్కడి స్కానింగ్ యంత్రం కూడా పాజిట్రాన్లతోనే పనిచేస్తుందట, స్ఫటికాలు కూడా అలాంటివేనట. "తేడా ఒక్కటే," అన్నాడు అన్నయ్య వెళ్ళే రోజు. "అక్కడ వెతికితే ఏదో ఒకటి దొరుకుతుంది."

"ఇక తెరుద్దామా?" అన్నారు డైరెక్టరు గారు.

"అప్పుడే వద్దు. ఆకాశం నుంచి పడే కణాల సంగతి చూడలేదు."

చూశాం. ఆకాశం నుంచి పడేవి పడుతూనే ఉన్నాయి, మా లెక్కని అవి ఏమీ చెయ్యలేదు. ఈలోగా నిట్టూర్పుకి ఒక కాలేజీలో పాఠాలు చెప్పే పని దొరికింది. వెళ్తూ వెళ్తూ నా చెయ్యి పట్టుకుని ఎంత పెద్ద నిట్టూర్పు విడిచాడంటే బల్ల మీద కాగితాలు కదిలాయి.

నేనొక్కదాన్నే మిగిలాను. నేను ఊరు వదిలి వెళ్ళలేను. మావారి పని ఇక్కడే, పాప బడి ఇక్కడే, మా అమ్మ మోకాళ్ళు మెట్లు దిగనివ్వవు. ఉన్న ఊళ్ళోనే ఎక్కడెక్కడో ప్రయత్నించాను. "మీరు ఇన్నేళ్ళూ ఏం కనిపెట్టారు?" అని అడిగేవాళ్ళు. "ఏమీ లేదండీ, చాలా జాగ్రత్తగా," అని చెప్పేదాన్ని. కుర్చీ వెనక్కి జరిపి లేచి వచ్చేసేదాన్ని.

అలాంటి రోజుల్లో ఒక మంగళవారం సార్ గొంతు సవరించుకున్నారు. "ఒక సందేహం. మన యంత్రానికి కొంచెం దూరంలో రైలు పట్టాలున్నాయి. రైలు వెళ్ళినప్పుడల్లా భూమిలో కరెంటు పాకుతుంది. దానివల్ల అయస్కాంతాలు కాస్త అటూ ఇటూ అయ్యాయేమో. పాత రైళ్ళ వేళలన్నీ తెచ్చి పోల్చి చూడాలి."

నేను స్టేషనుకి వెళ్ళాను. స్టేషన్ మాస్టరు నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. "మేడమ్, ఆ రైళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయాయి."

"తెలుసండీ. ఎప్పుడు వెళ్ళాయో కావాలి."

"ఎక్కాలా?"

"వద్దండీ."

"ఎవరైనా దిగాలా?"

"వద్దండీ. ఊరికే వెళ్ళాయో లేదో తెలిస్తే చాలు."

ఆయన కుర్చీ తెచ్చి, కూర్చోమని, మంచినీళ్ళు ఇచ్చి, ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగాడు.

తిరిగొచ్చేసరికి నా ఓపిక అయిపోయింది. తిన్నగా సార్ గదికి వెళ్ళాను.

"సార్, రైళ్ళకీ మన వెతుకులాటకీ సంబంధం లేదు. ఆ సంగతి మీకూ తెలుసు, నాకూ తెలుసు. మీకు భయం సార్! పెట్టె తెరిస్తే ఏమీ లేదని తేలుతుందని భయం. మీ భయానికి మేం వయసులు ఖర్చు పెడుతున్నాం!"

సార్ కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. కోపం వస్తుందేమోనని చూశాను. రాలేదు. "భయం ఉన్నమాట నిజమేనమ్మా," అన్నారు మెల్లిగా. "రైళ్ళ సంగతి మాత్రం చూడు. నెమ్మదిగానే చూడు."

మర్నాడు డైరెక్టరు గారు నన్ను పిలిచి తలుపు వేశారు. "పైవాళ్ళు రోజూ ఫోను చేసి ప్రాణం తీస్తున్నారు. సార్‌కి వయసు మీద పడింది. ఆయన తీర్పు ఇక పనికిరాదని మీరొక్క మాట చెప్పండి. ఆయన్ని తప్పించి, మీరే తెరిచేయండి. ఒక్క మాట చాలు. మంగళవారానికి చెప్తారా?"

"ఆలోచిస్తాను," అన్నాను. ఆ ఆలోచన సూటిగా పంట్లోకి దిగింది. ఏళ్ళ తరబడి పళ్ళు కొరుకుతూ బతికినదాన్ని కదా, వెనక దవడపన్ను పగిలింది. ఊళ్ళో నాకు తెలిసిన పళ్ళ డాక్టరు ఒక్కరే.

డాక్టరమ్మ నన్ను కుర్చీలో వెనక్కి వాల్చి, దీపం మొహం మీదికి లాగారు. "తెరవండి. ఇంకొంచెం. ఆఁ, అలాగే." నోట్లో దూది కుక్కారు, లాలాజలం లాగే గొట్టం పెట్టారు, ఒక చేత్తో అద్దం, ఇంకో చేత్తో పన్ను తొలిచే మర పట్టుకున్నారు. అప్పుడు మొదలుపెట్టారు.

"మీరు మా ఆయన మీద అరిచారట?"

"ఆఁ..."

"కదలకండి. అరిస్తే అరిచారు, నేను రోజూ అరుస్తాను. కానీ రైళ్ళ గురించి అరిచారట చూడండి, అది అన్యాయం. రైళ్ళవల్ల ఏమీ కాదని ఆయనకి మొదట్నుంచీ తెలుసు."

"ఊఁ?"

"పెట్టె తెరిచిన రోజే మీ అందరినీ ఇంటికి పంపేస్తారట కదా. 'ఒక్కొక్కళ్ళకీ ఏదో ఒక దారి దొరికేదాకా నేను సరేననను' అని కూర్చున్నారు ఈయన. సందులవీ, ఆకాశంవీ నిజం సందేహాలే. అవి అయిపోయాయి. మీ ఉద్యోగం ఇంకా కుదరలేదు. అందుకని రైళ్ళు పట్టుకున్నారు."

మర గిర్రున తిరిగింది. కళ్ళల్లోంచి నీళ్ళు వచ్చాయి. పంటివే అనుకోండి.

"మీ ఎలక్ట్రానిక్స్ ఆయనకి ఆసుపత్రిలో పని ఎలా దొరికిందనుకున్నారు? అక్కడి స్కానింగ్ విభాగం పెద్దావిడ నా పేషెంటు. నా చెయ్యి ఆవిడ నోట్లో ఉండగా మా ఆయన పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, మీ వాడి పనితనం గురించి మొదట్నుంచి చివరిదాకా చెప్పారు. ఆవిడ మధ్యలో ఆపాలంటే ఎలా ఆపుతుంది? కాలేజీ ప్రిన్సిపాల్‌కి జ్ఞానదంతం. రెండుసార్లు రావాల్సి వచ్చింది కాబట్టి పని తేలికైంది. పరీక్షలవీ మీ వాళ్ళే నెగ్గారు లెండి, మేం గుమ్మం దాకా తీసుకెళ్ళామంతే."

"నా... ఆఁ... ఎందుకు...?" అన్నాను గొట్టం పక్కనుంచి.

"మీదెందుకు ఆలస్యమవుతోందనా? వాతావరణ కేంద్రంలో ఒకరు కావాలట. రాడార్‌లో కనబడేది వానమబ్బో, పక్షుల గుంపో తేల్చి చెప్పే మనిషి. మీకు సరిగ్గా సరిపోతుంది, ఊళ్ళోనే. కానీ అక్కడి అధికారి పళ్ళు అన్నీ ఉక్కు ముక్కలు! ఒక్క పుచ్చు లేదు. ఏం చెయ్యను? అందుకని మా ఆయనే రోజూ మధ్యాహ్నం అక్కడికి వెళ్ళి వరండాలో బెంచీ మీద కూర్చుంటున్నారు. ఎప్పుడో ఒకప్పుడు లోపలికి పిలుస్తారని." ఆవిడ మర ఆపారు. "ఇవన్నీ ఎవరితోనూ అనొద్దని ఒట్టు వేయించుకున్నారు. జీవితమంతా నోళ్ళు తెరిపించినదాన్ని, నా నోరు ఎన్నాళ్ళు మూసుకుంటాను? పుక్కిలించి ఊసేయండి."

ఊసేశాను. ఆ మంగళవారం సగం మొహం తిమ్మిరిగానే డైరెక్టరు గారి గదికి వెళ్ళాను. "సార్ తీర్పు దివ్యంగా ఉందండీ," అన్నాను. "రైళ్ళ విషయం చాలా ముఖ్యం. ఇంకా గూడ్సు బండ్లు చూడలేదు."

డైరెక్టరు గారు నన్ను ఆ స్టేషన్ మాస్టరు చూసినట్టే చూశారు.

గూడ్సు బండ్లు పూర్తయ్యేసరికి వాతావరణ కేంద్రం నుంచి పిలుపు వచ్చింది. ఆ అధికారి నన్ను పరీక్ష చేసి, రాడార్ బొమ్మలు చూపించి, అన్నిటికీ జవాబులు విని, చివర్న అడిగాడు: "ఏమండీ, మా వరండాలో కూర్చునే పెద్దాయన మీకేమవుతారు?"

"మా సార్."

"మిమ్మల్ని తీసుకుంటే ఆయన రావడం మానేస్తారా?"

"మానేస్తారండీ."

"అదే బాధగా ఉంది. అలవాటైపోయారు," అని ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు.

నేను సార్‌తో ఏమీ అనలేదు, థాంక్స్ కూడా చెప్పలేదు. చెబితే ఆయన దానికి ఇంకేదో కారణం ఉండొచ్చని వాదిస్తారు. ఉద్యోగం వచ్చిందని మాత్రం చెప్పాను. "అలాగా! చాలా ఆశ్చర్యంగా ఉందే!" అన్నారు. అబద్ధం ఆడటం ఆయనకి అస్సలు రాదు. చెవులు ఎర్రబడ్డాయి.

"అయితే రైళ్ళు?" అన్నాను.

"రైళ్ళదేముందమ్మా, వెళ్ళిపోయాయిగా. వచ్చే మంగళవారం తెరిచేద్దాం."

ఆ మంగళవారం పాత జట్టంతా వచ్చింది. ఎలక్ట్రానిక్స్ అన్నయ్య ఆసుపత్రి చొక్కాతోనే వచ్చాడు. నిట్టూర్పు రైల్లో వచ్చి, అది ఎన్నింటికి బయల్దేరిందో నాకు చెప్పబోయి, నా మొహం చూసి మానుకున్నాడు. డాక్టరమ్మ చెప్పిన సాక్ష్యం నేను వాళ్ళిద్దరికీ ముందే చేరవేశాను కాబట్టి, ముగ్గురం సార్ వంక దొంగచూపులు చూస్తూ నిలబడ్డాం. డైరెక్టరు గారు కోటు పూర్తిగా వేసుకుని వచ్చారు. మేం ఆయన్ని అలా చూడటం అదే మొదటిసారి.

సార్ కంప్యూటర్ ముందు కూర్చున్నారు. ఒక్క మీట నొక్కితే చాలు. వేలు దాని మీద పెట్టారు.

"కానివ్వండి సార్," అన్నారు డైరెక్టరు గారు. "ఇది అయిపోతే ఈ భవనం అప్పగించేయొచ్చు."

"మీరు ఎక్కడికి వెళ్తున్నారండీ?" అని అడిగాడు నిట్టూర్పు, మర్యాదకి.

"నేనా?" డైరెక్టరు గారు నవ్వబోయారు. "నేనెక్కడికి వెళ్తాను? ఈ భవనంతోనే నా పదవీ పోతుంది. ఈ వయసులో నన్నెవరు తీసుకుంటారు? క్వార్టర్స్ ఖాళీ చేసి మా తమ్ముడి ఊరు పోవాలి. మా అమ్మాయే గొడవ చేస్తోంది, బడిలో చివరి తరగతి, మధ్యలో ఎలా వదిలి వస్తానని. సరే, అవన్నీ ఇప్పుడెందుకు? నొక్కండి సార్."

ఇన్నాళ్ళూ తెరవమని మా వెంటపడిన మనిషి, తెరిస్తే తను కూడా వీధిన పడతానని ఒక్కసారి కూడా అనలేదు.

తాళం సార్ వేలు మీట మీదినుంచి లేచింది.

"అప్పుడే వద్దు," అన్నారు.

"ఇంకా ఏముంది సార్!" డైరెక్టరు గారు ఏడుపుగొంతుతో అన్నారు. "సందులు చూశారు, ఆకాశం చూశారు, రైళ్ళు చూశారు!"

"చంద్రుణ్ణి చూడలేదు," అన్నాను నేను.

"అవునవును, చంద్రుడు!" అన్నాడు అన్నయ్య. "సముద్రాన్నే లాగుతాడు, మన యంత్రాన్ని వదులుతాడా?"

నిట్టూర్పు నిట్టూర్చకుండా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "సెలవుల్లో వచ్చి నేనూ సాయం చేస్తాను."

డైరెక్టరు గారు మా మొహాలు ఒక్కొక్కటీ చూశారు. మాకందరికీ ఒకేసారి మతిపోయిందా, తనకి పోయిందా తేల్చుకోలేక కోటు విప్పేసి బల్ల మీద పెట్టారు. "పైవాళ్ళకి ఏం చెప్పను? ఈ చంద్రుడి పనికి ఎంత కాలం పడుతుంది?"

సార్ కంప్యూటర్ ఆపేసి, కళ్ళద్దాలు తుడుచుకుంటూ అడిగారు:

"మీ అమ్మాయి పరీక్షలు ఎప్పటికి అయిపోతాయన్నారు?"

"వచ్చే వేసవికి."

"సరిగ్గా అంతే పడుతుందండీ."